చచ్చిన బ్యాటరు బతికితే

"అయితే మావాడొకడు బతికాడు!" అని అరిచింది ఆ అమ్మాయి.

నవంబరులో ఒక ఆదివారం పొద్దున. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి దాటాక కొంత దూరంలో, నీరు వెనక్కి తగ్గి ఇసుక గట్టిపడిన చోట, మా కాలనీ పిల్లలు రబ్బరు బంతితో క్రికెట్ ఆడుతున్నారు. ఆ అమ్మాయిది ఏడో తరగతి. బడి కబడ్డీ జట్టులో కూతకు వెళ్తుంది. గాలిలోకి లేచిన బంతిని ముందుకు ఉరికి రెండు చేతులా ఒడిసిపట్టింది. పట్టగానే అందరిలా బంతిని పైకి ఎగరేయలేదు. గట్టున కూర్చుని ఉన్న తన జట్టు కుర్రాడి వైపు తిరిగి "లే, నువ్వు బతికావు" అంది. వాడు తమ బ్యాటింగులో మొదటి బంతికే ఔటై, అప్పటినుంచీ మొహం వేలాడేసుకుని ఉన్నాడు. ఆ మాట వినగానే లేచి, లాగుకు అంటిన ఇసుక దులుపుకుని, బ్యాటు కోసం చెయ్యి చాపాడు.

బ్యాటు పట్టుకుని ఉన్న అవతలి జట్టు పిల్లవాడు ఇవ్వలేదు. "క్రికెట్‌లో చచ్చినవాడు చచ్చినట్టే" అన్నాడు, ఎంతో గంభీరంగా. అంతే, పన్నెండు మంది పిల్లలూ ఇసుకలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వారు. అంపైరుగా నిలబడిన నేనూ నవ్వు ఆపుకోలేకపోయాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా డ్రిల్లు మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. ఆటల నియమాలంటే నాకు ప్రాణం. ఫుట్‌బాల్‌కు 17, క్రికెట్‌కు 42 అని లెక్క చెప్పడం కాదు, ప్రతి నియమం వెనుకా ఎప్పుడో ఎక్కడో జరిగిన తగవు ఒకటి ఉంటుంది. ఆ తగవును ఊహించుకోవడం నాకు ఇష్టం. పిల్లలు పొరపాటున ఒక ఆట నియమాన్ని ఇంకో ఆటలోకి తెచ్చినప్పుడు వచ్చే నవ్వు ఊరికే రాదు. ఆ నియమం తన ఇంట్లో ఏ పని చేస్తుందో, పక్కింట్లో ఎందుకు చేయలేదో ఒక్కసారిగా కంటికి కనబడితే వచ్చే నవ్వు అది.

ఆ ఏడాది మా పిల్లల తలల్లో ఆటలు కలిసిపోవడానికి కారణం కూడా ఉంది. 2025 ఆగస్టు 29న ప్రో కబడ్డీ 12వ సీజను మన విశాఖలోనే మొదలైంది. ఆరు వారాలు తిరక్కుండానే మహిళల ప్రపంచ కప్పు క్రికెట్ మధురవాడ స్టేడియానికి వచ్చింది. అక్టోబరు 9న దక్షిణాఫ్రికాతో, 12న ఆస్ట్రేలియాతో మన జట్టు ఆడి రెండూ ఓడింది. ఆస్ట్రేలియా మీద 330 పరుగులు చేసి కూడా ఓడినప్పుడు పిల్లలు అన్నం ముట్టలేదు. నవంబరు 2న నవీ ముంబైలో అదే జట్టు కప్పు గెలిచినప్పుడు వీధంతా కేకలు. ఇన్ని ఆటలు ఇంత దగ్గర దగ్గరగా చూసిన పిల్లలకు కబడ్డీ బోనస్ గీత ఎక్కడ ఆగుతుందో, క్రికెట్ బౌండరీ ఎక్కడ మొదలవుతుందో అంత సులువుగా విడదీసి చెప్పగలమా?

అదే పొద్దున ఇంకొకటి జరిగింది. బౌలరు ఇంకా బంతి వదలకముందే అవతలి కొసన ఉన్న బ్యాటరు నాలుగడుగులు ముందుకు నడిచాడు. ఫుట్‌బాల్ నేర్చుకుంటున్న పిల్లవాడు వెంటనే చెయ్యెత్తి "ఆఫ్‌సైడ్!" అన్నాడు. మళ్లీ నవ్వులు. నాకు మాత్రం ఒళ్లు ఝల్లుమంది, ఎందుకంటే వాడు అన్నదాంట్లో తప్పు లేదు. ఫుట్‌బాల్‌లో బంతి రాకముందే గోలు దగ్గర కాచుకుని నిలబడకూడదు. క్రికెట్‌లో బంతి వదలకముందే క్రీజు దాటి సగం దారి నడవకూడదు. 1947 డిసెంబరులో సిడ్నీలో మన బౌలరు వినూ మన్కడ్ ఆస్ట్రేలియా బ్యాటరు బిల్ బ్రౌన్‌ను రనౌట్ చేసింది అందుకే. చాలాకాలం ఇలాంటి ఔటు 'అనుచిత ఆట' అనే నియమం కింద ఉండేది. 2022లో దాన్ని రనౌట్ నియమంలోకి మార్చారు. బంతికంటే ముందు వెళ్లి, తనది కాని లాభం పొందకూడదు అన్నదే రెండు ఆటల్లోనూ ఉన్న ఆలోచన.

గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్న మామ్మగారు, ఆ కబడ్డీ అమ్మాయి నాయనమ్మ, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటని నన్ను అడిగారు. చెప్పాను. మన్కడ్ సంగతీ చెప్పాను. అంతా విని "రెండూ తొండే కదా నాయనా, రెండు పేర్లెందుకు?" అన్నారు. ఇంటికి వచ్చాక ఆ రోజంతా ఆ మాటే చెవిలో మోగింది. పెద్ద పెద్ద పుస్తకాలు పదిహేను వాక్యాల్లో చెప్పేది మన భాషలో ఒక్క మాటలో ఉంది. తొండి.

సాయంత్రం ఒక నోట్‌బుక్కు కొన్నాను. సంక్రాంతికి, కనుమ నాడు, కాలనీ అందరం ఆటలన్నీ కలిపి ఒకే ఆట ఆడదామని, నియమాలు పిల్లలే చెప్పాలని, నేను రాస్తానని ప్రకటించాను. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఎవరూ ఊరికి వెళ్లరు, అందరూ దొరుకుతారు.

మొదటి ఆదివారం, ఏ నియమమైతే మమ్మల్ని నవ్వించిందో దాన్నే పరీక్షకు పెట్టాము. క్రికెట్‌లో చచ్చినవాడు బతికితే ఏమవుతుంది? ఒక్కో జట్టుకు ఆరుగురు. కబడ్డీలో ఎవరు ముందు ఔటైతే వారే ముందు లోపలికి వస్తారు కాబట్టి ఆ వరుసే పాటించాము. మొదటి జట్టు ఆరుగురూ ఔటయ్యారు. రెండో జట్టు బ్యాటింగుకు దిగింది. వాళ్లలో ఒకడు ఔటైనప్పుడల్లా మొదటి జట్టులో ఒకడు బతికాడు. ఆరుగురూ ఔటయ్యేసరికి మొదటి జట్టు ఆరుగురూ సజీవంగా నిలబడి ఉన్నారు. "మళ్లీ మా బ్యాటింగే" అన్నారు. దిగారు. వాళ్లు ఔటవుతుంటే రెండో జట్టు బతికింది. ఎండ నడినెత్తికి వచ్చింది. అమ్మల ఫోన్లు నాకు రావడం మొదలైంది. ఆట మాత్రం మొదలైన చోటే ఉంది.

మూడోసారి బ్యాటింగుకు దిగుతున్నప్పుడు కబడ్డీ అమ్మాయి నా దగ్గరికి వచ్చి నిలబడింది. "మాస్టారూ, ఇది ఎప్పటికీ అయిపోదు కదా?" అంది. అయిపోదమ్మా అన్నాను. "మరి కబడ్డీ ఎలా అయిపోతుంది?" ఆ ప్రశ్న తనే వేసుకుని, వేలితో ఇసుకలో ఏవో గీతలు గీస్తూ కాసేపు కూర్చుంది. లేచి "గడియారం ఉంది కాబట్టి" అంది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక పిల్ల ముఖంలో అంత వెలుగు నేను కొద్దిసార్లే చూశాను.

కబడ్డీలో జట్టంతా ఔటైనా ఆట ఆగదు. ఎదుటివారికి లోనా కింద రెండు పాయింట్లు అదనంగా పోతాయి, అందరూ తిరిగి బతికి వస్తారు. ఆటను ఆపేది 20 నిమిషాల చొప్పున నడిచే రెండు సగాలు. క్రికెట్‌కు పుట్టుకతో గడియారం లేదు. అందుకే అక్కడ ఔటైనవాడు ఆ ఇన్నింగ్సుకు ఔటే. రెండింట్లో ఏదో ఒకటి ఉండి తీరాలి. రెండూ లేకపోతే మా ఆదివారంలా ఉంటుంది. పిల్లలకు డర్బన్ కథ చెప్పాను. 1939లో దక్షిణాఫ్రికా, ఇంగ్లండు జట్లు గడువు లేని టెస్టు ఆడాయి. రోజులకు రోజులు సాగింది. 696 పరుగులు చేస్తే గెలుపు అన్న స్థితిలో ఇంగ్లండు 5 వికెట్లకు 654 దాకా వెళ్లింది. ఇంతలో వాళ్లు ఎక్కవలసిన ఓడకు వేళైంది. ఆట డ్రా. ఓడరేవు ఊళ్లో పుట్టిన పిల్లలు కదా, "ఓడ గెలిచింది" అన్నాడు ఒకడు. నోట్‌బుక్కులో మొదటి నియమం పక్కన ఆ మాట కూడా రాసుకున్నాను.

గడియారం కావాలి. ఎవరి చేతి గడియారం? దాని మీద తగవు పడకుండా ఒక దారి దొరికింది. సముద్రం వైపు విడిగా ఒక వికెట్టు పాతాలి. పెరుగుతున్న నీరు దాన్ని తాకితే ఆట అయిపోయినట్టు. ఏ జట్టూ సముద్రాన్ని తొందరపెట్టలేదు, ఆపలేదు. జాలరిపేటకు వెళ్లి కనుమ పొద్దున నీరు ఎప్పుడు పెరుగుతుందో అడిగి వచ్చాను. వాళ్లు నోటి లెక్కతోనే చెప్పారు.

రెండో ఆదివారం కబడ్డీ వంతు. ఈసారి క్రికెట్ పిల్లలు తమ నియమం తెచ్చారు. కూతకు వెళ్లినవాడిని అవతలివాళ్లు మొత్తంగా పట్టుకుని కింద పడేశారు. కూత ఆగిపోయింది. నేను ఔటు అనబోతుంటే పట్టుబడ్డ పిల్లవాడు ఇసుకలో బోర్లా పడి, నలుగురు మీద కూర్చుని ఉండగా, ఊపిరి కూడదీసుకుని "ఎవరూ అప్పీలు చేయలేదు మాస్టారూ" అన్నాడు. క్రికెట్‌లో 31వ నియమం సరిగ్గా అదే చెబుతుంది. ఔటని అంపైరుకు తెలిసినా, ఫీల్డింగు జట్టులో ఎవరైనా అడిగితేనే ఔటివ్వాలి. వాడి మీద కూర్చున్న నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాడిని వదిలేసి లేచి నిలబడి అప్పీలు చేయాలా, కూర్చునే చేయాలా అన్న తర్జనభర్జనలో ఉండగా వాడు కింద నుంచి జారి గీత దాటేశాడు. ఆ పొద్దున ఒడ్డున నడకకు వచ్చినవాళ్లు కూడా ఆగి నవ్వారు. ఆ నియమం పిల్లలకు ఎంత నచ్చిందంటే, మా ఆటలో దేనికైనా అడగనిదే తీర్పు లేదని నాలుగో నియమంగా రాయించారు. దాని వల్ల ఏం రాబోతోందో అప్పుడు నాకు తట్టలేదు.

ఖోఖో కలిపిన ఫుట్‌బాల్ ఆ తరువాతి వారం. ఖోఖోలో తరిమేవాడు ఒక దిక్కు పట్టాక వెనక్కి తిరగకూడదు, స్తంభం దగ్గరికి వెళ్లాకే దిక్కు మార్చుకోవచ్చు. బంతి కాలికి తగిలినవాడికి ఆ నియమం పెట్టాము. స్తంభం మాత్రం పాతలేదు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒకడు బంతితో సముద్రం వైపు పట్టాడు. బంతి నీళ్లలోకి దొర్లింది. వాడూ దిగాడు. అల వచ్చి బంతిని పక్కనుంచి ఒడ్డుకు తోసేసింది. వాడు మాత్రం మోకాలి లోతు నీళ్లలో, మాకు వీపు చూపిస్తూ, కెరటాలకేసి చూస్తూ నిలబడిపోయాడు. చొక్కా కొసలను రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకున్నాడు. తల కూడా తిప్పకుండా "మాస్టారూ, ఇప్పుడు తిరగవచ్చా?" అని అడిగాడు. నేను పరుగెత్తి వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఎవరూ చూడకపోయినా నియమం తప్పని ఆ పిల్లవాడి మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. అదే రోజు రెండు వెదురు బొంగులు తెచ్చి పొడి ఇసుకలో పాతాము. ఖోఖోలో స్తంభాలు ఎందుకు ఉంటాయో ఇక ఎవరికీ వివరించవలసిన పని లేకపోయింది.

వాలీబాల్ గురించి ఎక్కువ చెప్పను. మూడు తాకుల్లో బంతి అవతలికి పోవాలన్న నియమాన్ని కాళ్లతో ఆడించాము, బాగా కుదిరింది. మా మేడ మీద ఉండే ఓడ మామయ్య, సరుకు ఓడల్లో చాలాకాలం పనిచేసి వచ్చిన మనిషి, అది చూసి "ఇది మలేసియాలో ఆడతారు, సెపక్ తక్రా అంటారు" అన్నారు. 2018 ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టుకు అందులో కాంస్యం వచ్చిందని నేను చెప్పాను. అసలు వాలీబాల్ కూడా కలిపి చేసిన ఆటే. 1895లో అమెరికాలో విలియం మోర్గాన్ టెన్నిస్ నుంచి కొంత, బాస్కెట్‌బాల్ నుంచి కొంత, మరో రెండు ఆటల నుంచి కొంత తీసుకుని కట్టాడు. అలా చూస్తే మా నోట్‌బుక్కుకు పెద్ద వంశమే ఉంది.

ఓడ మామయ్య మనవడికి ఐదేళ్లు. ఏ జట్టులో వేయాలన్నది పంటలు వేసినప్పుడల్లా సమస్య. వాలీబాల్‌లో వేరే రంగు చొక్కా వేసుకుని లోపలికీ బయటికీ తిరిగే లిబెరో అనే ఆటగాడు ఉంటాడని నేను చెబితే, పిల్లలు వెంటనే "అంటే లిబెరో ఆటలో అరటిపండే కదా" అన్నారు. కాదు, జట్టులో అందరికంటే బాగా బంతి ఎత్తగలిగినవాడినే లిబెరోగా వేస్తారని సర్దిచెప్పాను. కానీ ఆ చిన్నవాడికి మాత్రం పాత పద్ధతే స్థిరపడింది. వాడు అరటిపండు. రెండు జట్లలోనూ ఉంటాడు, ఔటయ్యే ప్రశ్న లేదు. ప్రపంచంలోని ఏ నియమావళిలోనూ లేని ఈ నియమాన్ని మన పిల్లలు తరతరాలుగా పాటిస్తున్నారు. చిన్నవాడిని ఏడిపించకుండా ఆట సాగాలి. అంతకంటే మంచి నియమం నేను చదవలేదు.

కార్డులు మామ్మగారికి అప్పగించాము. ఫుట్‌బాల్‌లో పసుపు, ఎరుపు కార్డులు 1970 మెక్సికో ప్రపంచ కప్పులో మొదలయ్యాయి. ట్రాఫిక్ దీపాలను చూసి ఆ ఊహ కలిగిన కెన్ ఆస్టన్ అనే ఇంగ్లిషు రిఫరీ గురించి చెప్పాను. హాకీలోనూ కబడ్డీలోనూ ఆకుపచ్చది కూడా ఉంది. "కాగితాలెందుకు?" అని మామ్మగారు కనుమ పొద్దున పూలబుట్టతో వచ్చారు. మందలింపుకు మామిడాకు. రెండు ఓవర్లు బయట కూర్చోవడానికి బంతిపువ్వు. పూర్తిగా పంపేయడానికి మందారం.

ఆట మొదలైన కాసేపటికే ఒకడు ముందుగా పరుగు తీశాడు. మామ్మగారు పువ్వు ఎత్తి "వీడికి బంతి!" అన్నారు. వాడు సంతోషంగా బౌలింగు చేయడానికి వచ్చాడు. బౌలరు బంతి ఇవ్వనన్నాడు. "మామ్మగారు నాకే బంతి ఇచ్చారు" అని వాడు, "నేను ఇచ్చింది పువ్వు, పోయి కూర్చో" అని మామ్మగారు. గట్టున ఉన్న పెద్దవాళ్లందరికీ నవ్వి నవ్వి కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆ తరువాత ఎవరికి ఆ పువ్వు చూపించినా ముందుగా "బంతి కాదు, బంతిపువ్వు" అని అందరూ ఒక్క గొంతుతో చెప్పడం ఆటలో భాగమైపోయింది.

నీరు పెరుగుతోంది. రెండో జట్టు గెలవడానికి ఇంకా తొమ్మిది పరుగులు కావాలి. చచ్చినవాళ్లు బతుకుతున్నారు, బతికినవాళ్లు చస్తున్నారు. మొదట సన్నటి నురుగు గడియారం వికెట్టు మొదలును తాకి వెళ్లింది. నేను చూశాను. ఫీల్డింగు జట్టు చూసింది. బ్యాటర్లు చూశారు. ఎవరూ నోరు విప్పలేదు. నాలుగో నియమం ప్రకారం అడగనిదే తీర్పు లేదు. ఇంకో అల వచ్చి వికెట్టును సగం దాకా తడిపింది. బౌలరు అటు చూడనట్టే నడిచి వెళ్లి బంతి వేశాడు. ఇంకా ఎనిమిది. ఇంకా ఆరు. ఇంకా నాలుగు. గెలుస్తున్నవాళ్లకూ ఓడుతున్నవాళ్లకూ ఒకటే కోరిక, ఇంకొక్క బంతి. నీళ్లు ఫీల్డర్ల పాదాల దాకా వచ్చాయి. నేను చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరైనా అడుగుతారేమోనని నిలబడ్డాను. ఎవరూ అడగకూడదనే నాకూ ఉంది.

అప్పుడు వెనకనుంచి సన్నటి గొంతు. "ఔటేనా?"

అరటిపండు. ఒక చేత్తో జారిపోతున్న నిక్కరు పట్టుకుని, ఇంకో చేత్తో వికెట్టును చూపిస్తున్నాడు.

బ్యాటింగు జట్టు ఒక్కసారిగా లేచింది. వాడు లెక్కలో లేడన్నారు. అప్పీలు చేయవలసింది ఫీల్డింగు జట్టన్నారు. కబడ్డీ అమ్మాయి బ్యాటింగు జట్టులోనే ఉంది, ఇంకో నాలుగు పరుగులు చేస్తే గెలుపు తనదే. అయినా చెయ్యెత్తి అందరినీ ఆపింది. "వాడు రెండు జట్లలోనూ ఉన్నాడు. అంటే ఎప్పుడూ ఫీల్డింగు జట్టులో ఉన్నట్టే" అంది. నేను మామ్మగారి వైపు చూశాను. ఆవిడ ఖాళీ బుట్ట ఒళ్లో పెట్టుకుని తల ఊపారు.

నేను వేలెత్తాను. చిన్నవాడు పరుగెత్తి వెళ్లి తడి వికెట్టును పెరికి, రెండు చేతులా గుండెలకు హత్తుకున్నాడు. ఇంటికి వచ్చి గారెలు తినేటప్పుడు కూడా పక్కనే పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి నా నోట్‌బుక్కు అడిగి తీసుకుని, నూనె అంటిన వేళ్లు పావడాకు తుడుచుకుని, పన్నెండో నియమం రాసింది: అరటిపండు అడిగినా ఔటే.